అమ్మ ఒక్కటిగుండమన్నది

మొయినాబాద్ మండలం,
ఆగస్టు 2006.

సాయిచంద్ బాపుకు మంజుల నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ అత్తమ్మ, పిల్లవాడు, నేను బాగానే ఉన్నాం. బర్రె మా ముగ్గురికంటే బాగుంది. జమ్ములో మీరూ, మీ బ్యారక్‌లో వాళ్లూ క్షేమమని తలుస్తున్నాను.

మీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోపం తెచ్చుకోకండి. ముందు మీరు అడిగినవాటికి వరసగా చెప్తాను. అత్తమ్మ కళ్లు చేవెళ్ల దవాఖానలో చూపించాం. శుక్లం ఇంకా ముదరలేదట, ఆపరేషన్‌కు తొందర లేదన్నారు. సాయిచంద్ లెక్కలు బాగానే చేస్తున్నాడు గాని, ఇంగ్లీషు చదవమంటే కడుపు నొప్పి అంటాడు. టమాటకు ఈసారి ధర ఉంది. చామంతి నారు పోశాను.

రోడ్డు పక్క మన చెలక ఎవరైనా అడుగుతున్నారా అని రాశారు. అడగని ఆదివారం లేదు. హైటెక్ సిటీ వాళ్ల కార్లు పొద్దున్నే దిగుతాయి. మొన్న ఒక సాఫ్ట్‌వేర్ జంట వచ్చి, ఇక్కడి నుంచి చెరువు కనిపిస్తుందా అని అడిగారు. టమాట కనిపిస్తుంది అని చెప్పాను. ఆ అమ్మాయి నవ్వింది, ఆ అబ్బాయి మాత్రం నిజంగానే ఆలోచించాడు.

ఇక మీ బ్యారక్ వాదన సంగతి. ఓట్లు వేసుకునే దేశం ఎప్పటికైనా దేవుడి పేరు మీద నడిచే రాజ్యం అవుతుందా అని మీలో మీరు తగువు పడ్డారని, కేరళ ఆయన అవుతుందంటే మీరు కాదన్నారని రాశారు. రాజ్యాంగం ఉంది, కోర్టులున్నాయి, తుపాకులు పట్టుకుని మేమున్నాం, ఎట్లా అవుతుంది అన్నారట. చివర్లో సరదాకు, 'నీ మీదికి అమ్మవారు వస్తుంది కదా, అడిగి చెప్పు' అని నన్ను కూడా లాగారు. ఆ మాట చదివి నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో ఫోన్‌లో చెప్పలేకపోయాను. మీరు చేసే ఫోన్ మారయ్య మామ కొడుకు కిరాణా దుకాణంలో మోగుతుంది. అక్కడ ఉప్పు కొనేవాళ్లు కూడా నేను పెట్టేసేదాకా కదలరు. అందుకే అంతా మంచిదే అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను.

నాకు శిగం వచ్చినప్పుడు నేనేం మాట్లాడతానో నాకు తెలియదు. తెలివి వచ్చాక అత్తమ్మ చెబితే వినడమే. ప్రతి బోనాలకూ పోచమ్మ నా నోటితో చెప్పేది ఒకటే మాటట, "నా బిడ్డలు ఒక్కటిగుండాలె" అని. అమ్మకు ఇంకో మాట రాదా అని మీరు ఒకసారి ఆటపట్టించారు కూడా. ఆ మాటకు మారయ్య మామ, గుడి పెద్దగా, ఏటేటా ఒకే అర్థం చెప్పేవాడు. అన్నదమ్ములు తగువులాడుకోవద్దు, గట్ల పంచాయితీలు మానుకోండి అని. జనం దండం పెట్టి ఇంటికి పోయి మళ్లీ తగువులాడుకునేవాళ్లు. అట్లా బాగానే ఉండేది.

ఈసారి బోనాలకు ముందే పంచాయతీ ఎన్నికల మాట వచ్చింది. గుడికి కొత్త రంగులు, కొత్త గేటు రాజేశ్వర్ పెట్టించాడు. ప్లాట్లు చేసి అమ్ముతున్న రాజేశ్వరే, మీకు తెలుసు. బోనాల రోజు అమ్మ రాగానే నేను ఎప్పటిలాగే ఆ మాటే అన్నానట. మారయ్య మామ చెయ్యెత్తి అందరినీ ఆపి, "విన్నరా? అమ్మ ఏకగ్రీవం అడుగుతున్నది. ఊరంత ఒక్క మనిషిని నిలబెట్టుండ్రంటున్నది" అన్నాడట. తర్వాత నా వైపు తిరిగి, "ఎవలు తల్లీ, చూపియ్యి" అన్నాడట. నేను ఎప్పుడూ చేసేదే, చేతిలో ఉన్న బండారి పసుపుతో ఎదురుగా ఉన్నవాళ్లకు బొట్టు పెడతాను కదా. అందరికంటే ముందు రాజేశ్వర్ నిలబడ్డాడు. వాడికి పెట్టి రెండో మనిషి వైపు చెయ్యి తిప్పేలోపే మారయ్య మామ నా చెయ్యి పట్టుకున్నాడట. "అయిపోయింది, అమ్మ బొట్టు పెట్టింది" అన్నాడట. డప్పులు మోగాయి. నాకు తెలివి వచ్చేసరికి ఊరికి సర్పంచ్ ఉన్నాడు.

ఏకగ్రీవమైతే సర్కారు నజరానా ఇస్తుందని, దాంతో సీసీ రోడ్డు వేసుకోవచ్చని జనం సంతోషపడ్డారు. నేనూ సంతోషపడ్డాను, అబద్ధం ఎందుకు. తగువు లేకుండా పోయిందనుకున్నాను.

తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. నల్లా నీళ్ల వంతు దగ్గర గొడవైతే పంచాయతీ ఆఫీసుకు పోవడం మానేసి గుడి దగ్గరికి పోయారు. అమ్మ ఇట్లా అన్నదని మారయ్య మామ తీర్పు చెప్పాడు. మంగళవారం దుకాణాలు తెరవొద్దని అమ్మ అన్నది. కోళ్ల ఫారం పిల్లగాడు తెరిస్తే జరిమానా వేశారు. చెరువు కింది సర్కారు కంచె, మన బర్రెలు మేసే బీడు, రిసార్ట్ వాళ్లకు ఇస్తారని తెలిసింది. ఎవరో ధైర్యం చేసి తీర్మానం కాగితం చూపమంటే, "అమ్మను అడిగినం, సరే అన్నది" అన్నాడట మారయ్య మామ. అమ్మ ఎప్పుడు సరే అన్నది? నా నోటితోనే కదా చెప్పాలి. ఆ రోజు నేను పొద్దంతా టమాటలో కలుపు తీస్తున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు, బండారి పూయలేదు, అమ్మకు సాక నీళ్లు పోయలేదు. మొదట నా నోరు కావాల్సి వచ్చింది. తర్వాత అది కూడా అక్కర్లేకుండా పోయింది.

సాముయేలన్న సర్పంచ్‌కు నిలబడుతున్నాడా అని అడిగారు. మీ బడి స్నేహితుడు కదా, అడుగుతారని తెలుసు. నిలబడతానని అన్నాడు. అన్న రోజు నుంచి ఆయన ఆటో ఎవరూ ఎక్కలేదు. అమ్మ మాట కాదన్నవాడి బండి అట. చేవెళ్ల దాకా ఖాళీగా పోయి ఖాళీగా వచ్చేవాడు. నామినేషన్ వేయాలంటే ప్రతిపాదిస్తున్నానని ఊరి ఓటరు ఒకరు సంతకం పెట్టాలి. సంతకం పెట్టిన ఇంటికి కూలి పని ఉండదని వాళ్ల వాడకు కబురు పోయింది. ఆయన భార్య కూడా, నువ్వు నిలబడితే తల్లిగారింటికి పోతానని ఏడ్చిందట. ఆమెను అనలేం, ముగ్గురు పిల్లలు.

ఒకరోజు చెలక ఒడ్డున ఆటో ఆపి మంచినీళ్లు అడిగాడు. తాగాక కూడా కదలలేదు.

"అన్నా, ఎందుకీ తిప్పలు? గెలుస్తవా నువ్వు?" అన్నాను.

"గెల్వ చెల్లె. కంచె పోతది, అడిగెటోడు ఒక్కడన్న ఉండాలె గద. మారయ్య వద్దంటే మారయ్యతోని కొట్లాడుత. రాజేశ్వర్ వద్దంటే ఆయనతోని కొట్లాడుత. దేవుడు వద్దన్నడంటే నేనెవలితోని కొట్లాడాలె?" అన్నాడు. ఆటో స్టార్ట్ చేస్తూ, "నా దేవుడైతే నాకేం చెప్పలె" అని నవ్వి వెళ్లిపోయాడు. సంతకం మాట నన్ను అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పటిదాకా దాచిన మాట ఇక్కడ చెప్తాను. చదివాక కోప్పడాలనిపిస్తే ఉత్తరంలోనే కోప్పడండి, దుకాణం ఫోన్‌లో వద్దు. సాముయేలన్న నామినేషన్ మీద సంతకం పెట్టింది నేను. టమాట గంప తీసుకుని ఆయన ఆటో ఎక్కాను. అందరూ చూస్తుండగానే ఎక్కాను. మొయినాబాద్ ఆఫీసులో కూర్చున్న అధికారి ఓటరు జాబితాలో నా పేరు వెతికి, టిక్కు పెట్టి, ఇక్కడ సంతకం చేయమ్మా అన్నాడు. తలెత్తి కూడా చూడలేదు. ఆయనకు నేను అమ్మవారిని కాదు, మీ భార్యను కాదు, ఒక ఓటరును. నాకెందుకో అది హాయిగా అనిపించింది.

సాయంత్రానికి మారయ్య మామ ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అమ్మ మాటను అమ్మనే తప్పుతదా? ఏం పని జేసినవ్ మంజుల?" అన్నాడు.

"అమ్మ మాట అమ్మది మామా. ఒక్కటిగుండుమన్నది, ఒక్కడే ఉండాలె అనలె. సంతకం నాది" అన్నాను. నాకు అంత మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. శిగం మాత్రం కాదు, ప్రతి ముక్కా గుర్తుంది.

"ఇగ నీ మీదికి అమ్మ రాదు" అని చెప్పి పోయాడు.

ఆ మాటకు భయపడ్డాను. మారయ్య మామ కూలి ఆపేస్తానన్నా అంత భయపడేదాన్ని కాదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మీరు ట్రైనింగ్‌కు వెళ్లిపోతే, ఊళ్లో ఎవరూ తెలియని నన్ను నలుగురిలో నిలబెట్టింది ఆ తల్లే. ఏడాదికి ఒక్క పూట వచ్చి పోయేది. వచ్చే బోనాలకు డప్పు మోగినప్పుడు నా ఒళ్లు ఊరికే అట్లాగే ఉండిపోతే నేనేం చేయాలో నాకు తెలియదు. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

అత్తమ్మ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది, పిల్లవాడితో కబురు పంపేది. 'మీ అమ్మను గడ్డి వేయమను' అని నా ముందే వాడికి చెప్పేది. వాడు నా వైపు తిరిగి అదే మాట అప్పజెప్పేవాడు. కొన్నాళ్లకు వాడికి అది ఆటైపోయింది.

ఎన్నిక జరిగింది. రాజేశ్వర్ గెలిచాడు, సాముయేలన్న ఓడిపోయాడు. అయితే వాళ్ల వాడలో ఉన్న ఓట్లకంటే ఆయనకు చాలా ఎక్కువ పడ్డాయి. ఎవరు వేశారో ఎవరికీ తెలియదు. రాజేశ్వర్ ఊరేగింపులో పక్కవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు. మారయ్య మామ కూడా ఈమధ్య అమ్మ అన్నది అనడం కాస్త తగ్గించి, మనందరం అనుకున్నది అంటున్నాడు. సాముయేలన్న ఆటో ఇద్దరు ముగ్గురు ఎక్కుతున్నారు. కంచె సంగతి ఇంకా తేలలేదు. గ్రామసభ పెట్టమని అర్జీ ఇచ్చారు.

మీ కేరళ ఆయనకు నా జవాబు చెప్పండి. అవుతుంది. మన ఊళ్లో ఏ చట్టమూ ఎవరూ మార్చలేదు. ఎన్నికల నోటీసు అంటించారు, అధికారి వచ్చాడు, పంచాయతీ ఆఫీసు మీద జెండా అట్లాగే ఉంది. రెండో నామినేషన్ పడకపోతే, అన్నీ ఉండి ఓటు ఒక్కటే లేకుండా పోయేది. మీరు సరిహద్దులో తుపాకీ పట్టుకుని కూర్చున్నా మీకు తెలిసేది కాదు. జనం చెడ్డవాళ్లు కాదు. దేవుడు చెప్పాడంటే ఇక తాము ఆలోచించే పని తప్పిందని ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను కదా.

ఒక్క సంగతి రాసి ముగిస్తాను. ఓటు రోజు అత్తమ్మను నేనే చెయ్యి పట్టి బడి దాకా తీసుకుపోయాను. కళ్లు సరిగా కనిపించవు, లోపలికి తోడు వస్తానంటే వద్దని చెయ్యి విదిలించుకుంది. చాలాసేపు రాలేదు. వెనకాల లైనులో వాళ్లు ముసలామె పడుకున్నదా ఏంది అని గొణిగారు. చివరికి వేలి మీద సిరా చుక్కతో బయటికి వచ్చి, అన్నాళ్ల తర్వాత మొదటిసారి నా మొహం చూసి మాట్లాడింది.

"లోపల కాయితం ముంగట పెట్టుకొని అమ్మను అడిగిన, ఎవలికెయ్యాలె తల్లీ అని. ఏం పలకలె. మళ్లడిగిన. పలకలె. ఇగ నేనే ఏసిన" అంది.

"ఎవలికేసినవ్ అత్తమ్మా?" అని అడిగాను.

"అది నీకెందుకే?" అంది.

ఇట్లు,
మీ కోపానికైనా మంచిమాటకైనా ఎదురుచూస్తూ,
మీ సాయిచంద్ అమ్మ,
మంజుల