పందొమ్మిదో తేదీ వాళ్ళం

ఆగస్టు 3

అక్క గొంతులో గడ్డ ఉందట. ఇన్నాళ్ళూ ఏసీ హాళ్ళ వల్ల వచ్చిన బొంగురనుకున్నాం. ఇవాళ హాస్పిటల్లో ట్యూబు పంపి చూశారని ఆమె కూతురు ఫోన్ చేసింది. ముక్క తీసి పరీక్షకి పంపారట. నేను ఏదో ధైర్యం చెప్పాను. పెట్టేశాక ఏం చెప్పానో ఒక్క ముక్క గుర్తులేదు.

అక్క నా తోడబుట్టినది కాదు. నేను పుట్టిన తేదీన, నాకంటే చాలా ముందు పుట్టింది. అంతే చుట్టరికం. అక్టోబర్ పందొమ్మిది. ఆ తేదీన పుట్టిన సంగీతం వాళ్ళు ఎవరైనా సరే రండి అని ఒకప్పుడు రేడియోవాళ్ళు పిలిచారు. నలుగురం వెళ్ళాం. అక్క స్టేజీల మీద పాత సినిమా పాటలు పాడేది. నేను ఆర్కెస్ట్రాలో వయొలిన్, వెనక వరస. బాకాయన బ్యాండులో ట్రంపెట్, ఊరేగింపులకీ చావులకీ. గిటార్ తమ్ముడు అప్పటికి ఇంకా కుర్రాడు, వాడు వాయిస్తే నా పళ్ళు జివ్వుమనేవి.

చివర్లో నలుగురూ కలిసి ఒకటి వాయించండి అంది అనౌన్సర్. ఎంత ఘోరంగా వచ్చిందంటే, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేంత నవ్వాం. దీన్ని ఇలా వదిలేస్తే పరువు పోతుంది, వచ్చే ఏడాది సరిగ్గా వాయిద్దాం అంది అక్క. అప్పట్నుంచి ఏటా కలుస్తున్నాం. టైర్ల షాపు పైన తమ్ముడి ప్రాక్టీసు గది. గోడలకి పాత పరుపులు కొట్టి ఉంటాయి. కేకు ఉండదు. పాడేముందు అక్క ఏమీ తినదు, మమ్మల్నీ తిననివ్వదు.

ఆగస్టు 11

రిపోర్ట్ వచ్చింది. అదే.

స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడట డాక్టర్. మెడకి ముందు రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అక్కణ్ణుంచే. ముక్కుతో కాదు, నోటితో కాదు. త్వరగా చేయించుకుంటే మనిషి దక్కుతుంది అన్నాడట. మనిషి అన్నాడట. గొంతు సంగతి కూతురు అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆగస్టు 12

అక్క ఫోన్ ఎత్తడం లేదు.

ఆగస్టు 14

ఇంటికే వెళ్ళాను. పేపరు పరుచుకుని బీన్స్ ఈనెలు తీస్తోంది. నన్ను చూసి సగం నా ముందుకి తోసింది. ఇద్దరం చాలాసేపు బీన్స్ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు కూర్చున్నాం. తర్వాత ఆపరేషన్ చేయించుకోను చెల్లీ అంది, మార్కెట్‌కి వెళ్ళను అన్నంత మామూలుగా.

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్తే కూతురు నా చెయ్యి పట్టుకుంది. నీ మాట వింటుంది పిన్నీ, నువ్వే ఒప్పించాలి అంది. ఆ పిల్ల కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

బయటికొచ్చి నోరు జారాను. ప్రాణం ఉంటే చాలు కదక్కా, మిగతావన్నీ తర్వాత అన్నాను.

అక్క చేతిలో ఈనె పక్కన పెట్టింది. రేపు నీ ఎడమచెయ్యి తీసేస్తామంటే నీకు నువ్వు ఇదే చెప్పుకుంటావా అని అడిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

ఇంటికొచ్చే బస్సులో చూసుకుంటే ఎడమచేతిని ఒళ్ళో దాచుకుని, పైన బ్యాగు పెట్టుకుని ఉన్నాను.

ఆగస్టు 17

ముగ్గురం గదిలో కలిశాం. అక్క కుర్చీ ఎవరూ తీయలేదు, ఎవరూ కూర్చోలేదు.

తమ్ముడు రికార్డ్ చేద్దాం అన్నాడు. మంచి మైకు తెస్తాను, ఓ నాలుగు పాటలు చాలు అన్నాడు. ఆపరేషన్ ఆమె ఇష్టం, ఆమె గొంతు అని కూడా అన్నాడు. ఆమె కూతురి ముఖం ఒకసారి చూసిరా, తర్వాత చెబుదువుగాని అన్నాను. వాడు ముఖం మాడ్చుకున్నాడు. నేనూ తగ్గలేదు. బాకాయన ఇద్దరికీ మధ్య కూర్చుని ట్రంపెట్ మూతి తుడుస్తూనే ఉన్నాడు. తుడవడానికి అక్కడేమీ లేదు.

ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆమె బతకాలి. ఆమె పాట ఒక్కసారి మళ్ళీ వినాలి. ఈ రెండింట్లో నా మనసులో ఏది ముందుందో నాకే తెలియడం లేదు. తెలియకపోవడం సిగ్గుగా ఉంది.

ఆగస్టు 20

తమ్ముడు మైకు పట్టుకుని వెళ్ళాడట. బతికుండగానే నా గొంతుకి దండ వెయ్యడానికి వచ్చావా అని గుమ్మంలోంచే పంపేసిందట. వాడు ఫోన్లో చెబుతూ నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ఆగస్టు 23

అక్కకి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఉమ్ములో రక్తం. ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే ఆలోచించడానికి కూడా టైముండదని డాక్టర్ కసిరాడట.

ఆగస్టు 24

బాకాయన పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన మా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. బ్యాండు కోటు వేసుకున్నాడు, ఇత్తడి గుండీల కోటు. ఏదైనా పనుందా పెద్దాయనా అంటే, చెల్లెమ్మ దగ్గరికి వెళ్ళాలి, ఒక్కణ్ణే వెళ్ళడానికి కాలు రావడం లేదు అన్నాడు.

అక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది. మాట గీసుకుపోయి వస్తోంది. ఆయనకి అవకాశం ఇవ్వకుండా తనే మొదలుపెట్టింది. ఈసారి అక్టోబర్లో మీరు ముగ్గురూ కలవండి, నేను బతికినా రాను అంది. పాడలేనిదాన్ని, మీ మధ్య నాకేం పని అంది. మీరు సంగీతం వాళ్ళు, నాకు మిగిలేది ఒట్టి తేదీ అంది.

బాకాయన నేల చూస్తూ, నాకు ఆ తేదీ కూడా లేదు చెల్లెమ్మా అన్నాడు.

మొదట మాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఆయన్ని బస్టాండులో ఎవరో వదిలేసి వెళ్ళారట. నడక వచ్చిన వయసు. బ్యాండు మేస్త్రి తీసుకెళ్ళి పెంచాడు. ఎప్పుడు పుట్టాడో ఆ మేస్త్రికీ తెలియదు, ఈయనకీ తెలియదు. ఆ రోజు మంగలి షాపులో గడ్డం గీయించుకుంటుంటే రేడియోలో ఆ పిలుపు విన్నాడట. బ్యాండులో పన్నెండుమందికి ఒకటే కోటు, ఎవరు పిలిచినా బ్యాండుని పిలుస్తారు, నన్ను ఒక్కణ్ణి ఎవరూ ఎప్పుడూ పిలవలేదు అన్నాడు. సగం గడ్డంతో లేచి వెళ్ళి ఆ తేదీ నాదేనని చెప్పేశాను అన్నాడు.

ఏటా ఎవరైనా రుజువు అడుగుతారేమోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చేవాడట. ఎవరూ అడగలేదు. గుమ్మంలోనే అక్క ఎదురొచ్చి నూరేళ్ళు అనేదట. ఆ మాట కోసం ఏడాదంతా చూసేవాణ్ణి అన్నాడు. నేను ఆ రోజు పుట్టలేదు, ఆ రోజు మీ దగ్గర కూర్చున్నాను, అంతే అన్నాడు. తేదీ లేకుండా నేను ఇన్నేళ్ళు కూర్చున్నాను కదా, గొంతు లేకుండా నువ్వు కూర్చోలేవా అని అడిగాడు.

కూతురు తలుపు పక్కన గోడకి జారబడి నిలబడింది.

అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు దగ్గై, చాలాసేపు ఆగలేదు. ఆగాక ఆయన్ని తిట్టింది. దొంగ అంది. ఇన్నేళ్ళు నాచేత నీకు దీవెనలు పెట్టించావు, ముసలి దొంగా అంది. తిడుతూనే ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన కోటు చేతికి ముఖం ఆనించింది.

ఆపరేషన్ గురించి ఒక్క మాట అనలేదు.

ఆగస్టు 25

ఒప్పుకుంది.

సెప్టెంబర్ 2

హాస్పిటల్లో చేర్చారు. రేపు పొద్దున ఆపరేషన్. అందరం వెళ్ళాం. ఎవరమూ బయటికి అనలేదు కానీ అందరం ఒకదానికోసమే కూర్చున్నామని అందరికీ తెలుసు. పాడుతుందేమో. రెండు లైన్లయినా. తమ్ముడు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. మైకు తేలేదు.

అక్క కూతురితో గ్యాస్ బుక్ చెయ్యమంది. పక్క మంచం ఆవిడకి కమలాపళ్ళు ఇమ్మంది. మమ్మల్ని ఇళ్ళకి పొమ్మంది. మేం లేస్తుంటే నర్సు వచ్చింది. ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా అంది నర్సుతో.

మేం విన్న ఆఖరి మాట అదే. లిఫ్టులో తమ్ముడు ఏడ్చాడు. అంత గొంతుతో ఆఖరికి ఫ్యానా అన్నాడు. నాకెందుకో అదే సరైన మాట అనిపించింది. వాడికి చెప్పలేదు.

సెప్టెంబర్ 3

మొత్తం తీశాం, శుభ్రంగా వచ్చింది అని సర్జన్ చెప్పి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 9

అక్కని చూడనిచ్చారు. మెడకి గొట్టం. ఊపిరి వెళ్ళేటప్పుడు అక్కడ చిన్న చప్పుడు. నన్ను చూసి ఏడ్చింది. ఏడుపుకి కూడా చప్పుడు లేదు. ముఖమంతా ఏడుస్తోంది, గదిలో ఏమీ వినిపించదు. ఇదొక్కటి నేను ఊహించుకోలేదు. అన్నీ ఊహించుకున్నాను, ఇది తప్ప.

సెప్టెంబర్ 27

ఇంటికి తెచ్చారు. వెళ్ళాను. పలక మీద రాసి నావైపు తిప్పింది. నన్నెందుకు ఒప్పించారు.

తుడిచేసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ మాట బాకాయనకి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. తప్పు నాదే, నా నోరు ఊరుకుంటే ఆమె తన గొంతుతోనే పోయేది అన్నాడు. ట్రంపెట్ పెట్టెలో పెట్టి తాళం వేసేశాడట, ఊరేగింపులకి కూడా వెళ్ళడం లేదట. తమ్ముడు చెప్పాడు.

అక్టోబర్ 6

ఆర్కెస్ట్రాలో నాలుగో పేజీ దగ్గర చోటు తప్పిపోయాను. ఎవరూ గమనించలేదు. వెనక వరస సుఖం అదే.

అక్టోబర్ 18

రేపు అమ్మ రాదు పిన్నీ, అడిగితే తల అడ్డంగా ఊపింది అని కూతురు ఫోన్. సరేనన్నాను. బాకాయనకి ఫోన్ చేసి మీరైనా రావాలి అన్నాను. నా తేదీ కాదుగా అన్నాడు. మీరు రాకపోతే నాదీ కాదు అని పెట్టేశాను.

అక్టోబర్ 19

వచ్చాడు. ట్రంపెట్ తెచ్చాడు కానీ పెట్టె తెరవలేదు. కింద టైర్ల షాపులో ఇనుము మోగుతోంది. తమ్ముడు తీగలు బిగించి, వదిలి, మళ్ళీ బిగిస్తున్నాడు. ముగ్గురం పెళ్ళివారికోసం ఎదురుచూసే వంటవాళ్ళలా కూర్చున్నాం.

మెట్ల మీద అడుగులు. ఆగుతున్నాయి, మళ్ళీ ఎక్కుతున్నాయి. ముందు కూతురు, వెనక అక్క. మెడ చుట్టూ పల్చటి గుడ్డ. గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుంది. తిన్నగా బాకాయన దగ్గరికి వెళ్ళి నెత్తి మీద చెయ్యి పెట్టింది. పెదాలు కదిలాయి. నూరేళ్ళు. వినపడకపోయినా అదేనని మా ముగ్గురికీ తెలుసు. ఆయన ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

మొదలుపెట్టాం. ఏటా వాయించే పాటే. నేను ఎత్తుకున్నాను, తమ్ముడు అందుకున్నాడు, వాడు ఇంత మెల్లగా వాయించగలడని నాకు తెలియదు. ఆమె పాడాల్సిన చోటు వచ్చింది. ఎవరం ఆ చోట వేలు పెట్టలేదు. ఖాళీగా వదిలి ముందుకి వెళ్ళాం. గౌరవం అనుకున్నాం.

అక్క అరచేత్తో కుర్చీ మీద ఫట్‌మని కొట్టింది. ఆగిపోయాం. కోపంతో ముఖం ఎర్రబడింది. పలక కోసం కూడా చూడలేదు. బాకాయన్ని వేలితో చూపించింది, పెట్టె చూపించింది.

ఆయన నావల్ల కాదన్నాడు. ఊపిరి చాలదు చెల్లెమ్మా, అది నీ పాట అన్నాడు. ఆమె వంగి పెట్టె తనే తెరిచింది.

మళ్ళీ మొదటి నుంచి. ఆమె చోటు వచ్చింది. ఆయన ఎత్తాడు, సగంలో ఊపిరి తెగింది. అక్క లేచి ఆయన వెనక్కి వెళ్ళింది. వీపు మీద, పక్కటెముకల కింద, అరచెయ్యి ఆనించింది. మళ్ళీ అన్నట్టు నావైపు చూసింది. ఈసారి ఎక్కడ ఊపిరి తీయాలో అక్కడ ఆ చెయ్యి వదులయ్యేది, ఎక్కడ పట్టాలో అక్కడ నొక్కేది. చావులకీ ఊరేగింపులకీ అలవాటైన ఆ ట్రంపెట్ అంత సన్నగా మోగడం నేనెప్పుడూ వినలేదు. అది అక్క గొంతు కాదు. అబద్ధం రాయను. కానీ ఎక్కడెక్కడ ఆగాలో అక్కడ ఆగింది, అక్క ఎలా ఆగేదో అలా.

ఆయన వెనక ఆమె పెదాలు మాట మాటకీ కదులుతున్నాయి. అది ఆయనకి కనపడదు. నాకు కనపడింది. పాట మొత్తం పాడింది.

తర్వాత కూతురు అందరికీ టీ పోసింది. అక్క నా చేతికి కప్పు ఇస్తూ, ఎడమచేతి వేళ్ళు ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. క్షమించిందా, ఇంకేదైనానా, నేను అడగలేదు.

అక్టోబర్ 20

రోజంతా పడుకున్నాను.

నవంబర్ 15

సాయంత్రం ఫోన్ మోగింది. అక్క నంబరు. కూతురనుకుని మాట్లాడాను. అటు మాట లేదు. ఊపిరి చప్పుడు, తర్వాత గోటితో ఫోన్ మీద మా పాట తాళం. స్పీకర్ పెట్టి, ఫోన్ టేబుల్ మీద ఉంచి, వయొలిన్ తీశాను. వాయిస్తూ కొంత దూరం వెళ్ళాక గట్టిగా రెండు దెబ్బలు వినిపించాయి. ఆపాను. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.