గుత్తిలోని కారు తాళం

మంగళవారం రాత్రి, నోవై ఊరు. బయట మంచు.

పాత కారు ఈ ఉదయమూ స్టార్ట్ కాలేదు. బ్యాటరీ కొత్తది, లైట్లు వెలుగుతున్నాయి, తాళం తిప్పితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. సాయంత్రం అల్లుడొచ్చి, తన దగ్గరున్న రెండో తాళం తిప్పగానే స్టార్ట్ అయింది.

"కార్ పర్ఫెక్ట్‌గా ఉంది మామయ్యగారూ. ఇక మీరు డ్రైవింగ్ మానేస్తే బెటర్."

హుడ్ ఎత్తి చూసిన పాపాన పోని మనిషి, ఇంజిన్లు డిజైన్ చేసిన నాకు చెబుతున్నాడు!

అతని తాళం ఒంటరిది. నాది నా భార్య సుశీల తాళాల గుత్తిలో ఉంది. ఆమె పోయాక నేనే దాన్ని అందులో వేశాను. బీరువా తాళాలు, ఇత్తడి ఏనుగు, అన్నీ వేలాడుతుంటాయి. అరిగిన ఇగ్నిషన్‌లో ఆ బరువు లాగేసి తాళం సరిగ్గా పట్టడం లేదా? లేక నా చెయ్యే సరిగ్గా తిరగడం లేదా?

రేపు తాళం విడిగా తీసి చూడాలి. స్టార్ట్ కాకపోతే అల్లుడి మాటే నిజమవుతుంది. స్టార్ట్ అయితే, దాన్ని మళ్లీ ఆ గుత్తిలో వేయలేను. ఏది జరగాలని కోరుకోవాలో తెలియడం లేదు.