ఆరని దుప్పట్లు

పోచంపల్లి,
12 ఆగస్టు 2023, శనివారం.

తమ్ముడు పరమేష్‌కు,

అక్క స్వర్ణ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వు తెచ్చిచ్చిన మిషన్ తప్ప. ఫోన్‌లో అయితే సగంలోనే అరుస్తాను, అందుకే కాగితం పట్టుకున్నాను. సాయంత్రం నల్లగొండ వస్తున్న డ్రైవర్ నాగేందర్ చేతికి ఇస్తాను.

నీ షాపులో బాగుచేసి, నన్ను నమ్ము అక్కా అని తెచ్చి పెట్టిన డ్రయ్యర్ మొదట్లో ముప్పావుగంటలో దుప్పట్లు ఆరబెట్టేది. నెల రోజుల నుంచి మూడు గంటలు తిరిగినా చెమ్మ పోవడం లేదు. డ్రమ్ము తిరుగుతుంది, వేడి వస్తుంది, తలుపు తీస్తే ఆవిరి ముఖాన కొడుతుంది. బయట ఆరేద్దామంటే ముసురు వదలడం లేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. నూగు పట్టే జల్లెడ రోజూ దులుపుతున్నాను. పది దుప్పట్లకు బదులు ఐదే వేస్తున్నాను. వాషింగ్ మిషన్‌లో రెండుసార్లు పిండిస్తున్నాను. కరెంటాయనను పిలిపిస్తే వోల్టేజీ మంచిగనే ఉన్నదన్నాడు. వేడిగాలి బయటికి పోయే గొట్టం మూతి కూడా చూశాను, శుభ్రంగా ఉంది. ఇంకేం చూడాలి, నా తలకాయా?

మొన్న చౌటుప్పల్ కాన్పుల దవాఖానకు తడి దుప్పట్లే పోయాయి. నర్సమ్మ ఫోన్ చేసి, పచ్చి బాలింతను గీ తడి మీద ఎట్ల పండవెట్టాలె అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. సోమవారం కూడా గిట్లనే వస్తే వేరేటోళ్లకు ఇస్తమని చెప్పేసింది. ఆ ఒక్క దవాఖాన మీదే నా లాండ్రీ నడుస్తోందని నీకు తెలుసు. మీ బావేమో, నీ తమ్ముడు పాత సామాను నీకు అంటగట్టిండు అని రోజూ దెప్పుతున్నాడు. నిన్నటిదాకా నీ తరఫున కొట్లాడాను. ఇక నా వల్ల కాదు. రేపే ట్రాలీ పంపి నీ మిషన్ తీసుకుపో. నువ్వు మాత్రం రాకు, నీ ముఖం చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

మరదలిని అడిగానని చెప్పు.

నీ అక్క,
స్వర్ణ

తా.క.: సంతకం పెట్టాక మనసొప్పలేదు. పైన ఒక అబద్ధం రాశాను. గొట్టం మూతి నేను చూడలేదు. అది తెరుచుకునేది వెనకింటి శ్యామలమ్మ పెరట్లోకి. ఎండాకాలంలో మన లాండ్రీ సబ్బునీళ్లు వాళ్ల పెరట్లోకి పారిన కాడ మాటామాటా పెరిగినప్పటి నుంచి నేను వాళ్ల గడప తొక్కలేదు.

ఇప్పుడే పోయి వచ్చాను. మూతికి పాత చీర ముక్క రెండు మడతలు వేసి కట్టి ఉంది, దాని నిండా నూగు. ఎందుకు కట్టినవని అడిగితే, పెరట్ల రేకుల కింద, మగ్గం మీదికి పోయే పడుగు దారాలకు గంజి పెట్టంగనే మీ నూగు వచ్చి అంటుకుంటాంది, చెప్దామని రెండుసార్లు పిలిచిన, నువ్వు మొకం తిప్పుకొని పోతివి అన్నది. గుడ్డ కట్టకముందే ఒక పడుగు మొత్తం పాడైందట. ఆ మాట కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పింది. నాకు సిగ్గేసింది. ఆమె ముందుకు పోలేక నెలంతా నీ మీద పడ్డాను.

గుడ్డ విప్పాక దుప్పట్లు యాభై నిమిషాల్లో ఆరాయి. ట్రాలీ పంపకు, రేపు నువ్వే రా. గొట్టాన్ని కప్పు మీదికి తిప్పాలి. ఎట్లాగైనా పొద్దున్నే రా. సోమవారం దుప్పట్లు నేను ఆరబెట్టుకోవాలని శ్యామలమ్మ పని ఆపి, పడుగు చుట్టి ఇంట్లో పెట్టేసింది. నేను అడగలేదు, తమ్ముడూ.