ఫోనుకు పట్టిన గొడుగు

నలియాకా అక్కకు,

నువ్వూ పిల్లలూ నకూరులో చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మా ఇంటి ఫోను ఇప్పుడు ఇంట్లో లేదు. స్కూలు మైదానంలో, విరిగిన స్టూలుకు కట్టిన వెదురు కాళ్ళ మీద నిలబడి ఫుట్‌బాల్ చూపిస్తోంది. గెలిచిన జట్టుకు కోడె ఇచ్చే డిసెంబరు పోటీలు తెలుసుగా, ఊరొదిలి మొంబాసాలోనూ ఖతార్‌లోనూ పనిచేసే మనవాళ్ళు చూడాలని ఈసారి లైవ్ పెట్టారు. చూపించేది మా ఆయనే, కుందు వాళ్ళ నాన్న. ఆట చెప్పేది నసిమియు, బస్టాండు దగ్గర జడలల్లే అమ్మాయి.

వరసగా చెప్తాను. ఎండకు ఫోను కాగి ఆగిపోతోందని మొదటి రోజే తేలింది. దానికి గొడుగు కావాలన్నారు. నేను చర్చికి తీసుకెళ్ళే నీలం గొడుగు ఎప్పుడూ తలుపు పక్క మేకుకే ఉంటుంది. ఇప్పుడక్కడ మేకు ఒక్కటే ఉంది. గొడుగు కింద ఫోను, ఫోను పక్కన ఆయన, ఆయన పక్కన ఆమె. పరుపులోంచి పీకిన స్పాంజి చుట్టిన మైకు ఆమె నోటి దగ్గర ఆయనే పట్టుకుంటాడు. "గాలి చప్పుడు పడుతోంది, ఇంకాస్త ఇటు జరుగు" అంటాడు. ఆమె జరుగుతుంది.

నిన్న వాళ్ళకు ఉడికించిన చిలగడదుంపలు తీసుకెళ్ళాను. అప్పుడే మా ఊరి కీపరు చేతిలోంచి బంతి జారింది. "వీడి చేతులకు వాళ్ళమ్మ నూనె రాసి పంపినట్టుంది, చూడండర్రా!" అంది నసిమియు. ఆయన పడీ పడీ నవ్వాడక్కా, భుజాలు ఊగేలా. పెళ్ళయిన కొత్తలో నా మాటలకు నవ్విన నవ్వే అది. ఈ ఇంట్లోకి ఉప్పు ఎంతొచ్చిందో, ఎంత అయిందో చెప్పగలను. ఆ నవ్వు ఎప్పుడు గడప దాటిపోయిందో మాత్రం నా లెక్కకు అందలేదు.

"వదినా, నువ్వూ రా, కూర్చో" అంది ఆమె.

"చోటేదీ?" అన్నాను.

"గొడుగు చిన్నది మరి" అన్నాడు ఆయన, ఫోను మీంచి కళ్ళు తిప్పకుండానే. నా గొడుగు, నాకే చిన్నదైంది.

అందుకని ఒక పని చేశాను. రేపు ఫైనల్‌కు రమ్మని అమ్మకు కబురు పెట్టాను. అత్త ఎదురైతే అల్లుడు అక్కడ నిలబడకూడదన్న మన ఆచారం ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ అటుగా నడిచొస్తే చాలు, లేచిపోవాల్సిందే. గొడుగు కింద ఆ పిల్ల ఒక్కతే మిగలాలి. పాపం, అమ్మతో "కోడెను చూద్దువు రా" అని మాత్రమే అన్నాను.

కడుపు మండిపోతున్న
నీ చెల్లెలు నంజాలా


నా బంగారు అక్కా,

ముందా పాత ఉత్తరం పొయ్యిలో పడెయ్యి. తర్వాత ఇది చదువు.

ఫైనల్లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి, ఆట కాసేపట్లో ముగుస్తుంది. అప్పుడొచ్చింది అమ్మ. గోలు వెనక నుంచి రమ్మని చెప్పింది నేనే. ఫోను చూసేది కూడా అటే. ఆయన అమ్మను మొదట తెర మీదే చూశాడు. "అమ్మో, అత్త!" అంటూ చొక్కా తల మీదికి లాక్కుని చెరకు తోటలోకి ఒకటే పరుగు. కాలు తగిలి స్టూలు పడింది, గొడుగు దొర్లిపోయింది, ఫోను గడ్డిలో బోర్లా పడింది. సరిగ్గా అప్పుడే మా వాళ్ళు గోలు కొట్టారు. మొంబాసా నుంచి ఖతార్ దాకా ఒక్కరంటే ఒక్కరు దాన్ని చూడలేదు. అదంతా నా పుణ్యమే.

నసిమియు ఆయన పోయిన వైపు తలైనా తిప్పలేదు. మైకు అందుకుని చెబుతూనే ఉంది. "బొమ్మ పోయిందని ఏడవకండి, నా నోరుందిగా! మకోఖా మూడో కొడుకు, మేకల వెంట పరిగెత్తీ పరిగెత్తీ గట్టిపడిన కాళ్ళు కదా, వాటితోనే తన్నాడు! కీపరు ఎడమకు దూకాడు, బంతి కుడికి పోయింది! ఈ అరుపులకు కోడె కూడా తాడు తెంచుకుంది!"

నేను పరిగెత్తి ఫోను ఎత్తాను. తెర మీద అందరూ బొమ్మేదని తిడుతున్నారు. ఆ తిట్ల మధ్య ఒకటి కనబడింది: "బొమ్మ పోతే పోనీ. నసిమియూ, నువ్వు ఆపకు. నీ గొంతు విని డ్యూటీకి పోతే రాత్రి ఇట్టే తెల్లారుతుంది."

రాసింది మొంబాసాలో కాపలా పనిచేసే ఆమె మొగుడు. పోయిన క్రిస్మస్‌కూ రాలేదు, ఈ క్రిస్మస్‌కూ రాడు.

ఆమె అది చదివి తల దించుకుంది. "రోజూ ఇంతే వదినా. ఆయన వింటున్నాడంటే నా నోరు ఆగదు" అంది. ఆ హాస్యమంతా అతని కోసమేనక్కా. మా ఆయన మధ్యలో కూర్చుని నవ్వుకున్నాడు, అంతే. గొడుగు తీసుకొచ్చి, ఆట ముగిసేదాకా ఫోనుకు పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం మొక్కజొన్న పిండితో ఉగాలి కలుపుతుంటే ఆయన వచ్చాడు. చేతుల నిండా చెరకాకు గీరిన గీతలు. గుమ్మం బయటే ఆగి, "మీ అమ్మ వెళ్ళిందా?" అన్నాడు.

"వెళ్ళింది."

"గెలిచామా?"

"గెలిచాం."

"ఎలా?"

ఆ గోలు ఆయనా చూడలేదు! "కూర్చో, చెప్తా" అన్నాను. గరిటె చేత్తో పట్టుకునే చెప్పాను. మకోఖా మూడోవాడు, మేకల వెంట గట్టిపడిన కాళ్ళు, తాడు తెంచుకున్న కోడె, ఆఖరికి చెరకులో దూరిన కెమెరామన్. నవ్వాడక్కా, భుజాలు ఊగేలా.

"అవునుగానీ, మీ అమ్మను ఎవరు రమ్మన్నారు?" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"కోడె రమ్మంది" అన్నాను. మళ్ళీ నవ్వాడు.

మేకల మాట నసిమియుదని మాత్రం ఆయనకు చెప్పలేదు. చెప్పను కూడా.

గొడుగును మళ్ళీ మేకుకు తగిలించిన
నీ నంజాలా