జరిమానా కట్టాక

1949, మార్గశిరం, మంగళవారం రాత్రి.

అల్లుడు నరసింహులుకు కొలంబో తిరిగి వెళ్ళడానికి పర్మిట్ ఇవ్వలేదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే చెప్పాడు.

"జరిమానా కట్టేస్తిమి కదప్పా, ఇంకా ఏముండాది?" అన్నాను.

"కట్టినందుకే అత్తా. తప్పు ఒప్పుకున్నట్టు కోర్టులో రాసుకోని ఉండారు. శిక్ష పడినోణ్ణి వాళ్ళ దేశంలోకి రానీరంట."

ఇక్కడ రేషన్ అంగడి దగ్గర తోపులాటలో ఇతను ఒకణ్ణి ఒక్క దెబ్బ కొట్టాడు. ముందు కొట్టింది వాడే. కేసు నడిపితే నెలలు పడుతుందని, ఒప్పుకుంటే ఆ పూటే వదిలేస్తారని అందరమూ కలిసి ఇతనికి నచ్చజెప్పాము. వదిలేశారని గుడిలో టెంకాయ కూడా కొట్టించాను. ఆ కొబ్బరి ఎండబెట్టి, నా కూతురు లక్ష్మికి ఇష్టమని కారప్పొడి చేసి, ఇతని ట్రంకు పెట్టెలో సర్దాను.

లక్ష్మి అక్కడ కొలంబోలో నిండు నెలలతో ఒక్కతే ఉంది. ఈ స్థితిలో ఓడ ఎక్కి ఇక్కడికి రావడం కుదరదు. నొప్పులు మొదలైతే ఎవరిని పిలుస్తుందో.

ఏడుపు కూడా రావడం లేదు. అతనికి అన్నం పెట్టాను, గిన్నెలు కడిగాను.

"పొడి చెడిపోతాదేమో అత్తా. వేరే ఎవురన్నా పోతే పంపిద్దాం" అన్నాడు.

"సరే నాయనా" అన్నాను.

పెట్టె తెరవడానికి మాత్రం ఇద్దరమూ లేవలేదు.