కన్నం లేని సలహాల పెట్టె

వదినా,

మొన్నామధ్య నా క్యారేజీ ఇవ్వడానికి మా ఆఫీసుకొచ్చి, నడుస్తున్న మీటింగులో నోరు జారావని నీమీద కారాలు మిరియాలు నూరాను. తప్పు నాదే.

మా సలహాల పెట్టెకి ఏ రంగు వెయ్యాలి, ఎంత పెద్ద తాళం పెట్టాలి అని పదకొండుమందిమి నాలుగు మీటింగులు పెట్టాం. ఆర్నెల్లయినా ఒక్క చీటీ పడలేదంటే, జనానికి మా పని అంత నచ్చిందని చప్పట్లు కొట్టుకుంటున్నాం. సరిగ్గా అప్పుడే నువ్వు గుమ్మంలోంచి, "చీటీ వెయ్యడానికి కన్నమేది మరిదీ?" అన్నావు.

ఆ కన్నం గుండ్రంగా ఉండాలా, పొడుగ్గా ఉండాలా అని ఇప్పుడు మూడో మీటింగు నడుస్తోంది. నిన్ను కూడా కమిటీలో వేసుకోవాలని నిన్న లేచి చెప్పాను. మా పెద్దాఫీసరు ఎంతో మెచ్చుకుని, ఆ మాటే కాగితమ్మీద రాసి పెట్టెలో వెయ్యమన్నారు.

కాగితం జేబులో పెట్టుకు తిరుగుతున్న,
నీ మరిది