అన్ని జబ్బులూ అమ్మమ్మ పేరునే

పట్నం ఆసుపత్రి పరీక్షల గదిలో ఉద్యోగం వెలగబెడుతున్న మనవరాలికి దీవెనలు, అందులో సగం చీవాట్లు.

సుఖవ్యాధి పల్లెలో ఏ రకం, పట్నంలో ఏ రకమో చూస్తామని మీవాళ్లు మా ఊరొచ్చారు. వెంటనే మిల్లు యజమాని, ఇది పట్నం జబ్బేననీ పట్నం నుంచి వచ్చిన దర్జీ పిల్లే తెచ్చిందనీ తేల్చేశాడు. ఆ పిల్ల అద్దెకుంటున్న తన గది నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. ఆయన జల్లెడ పట్టేది బియ్యాన్నే అనుకున్నాను. పరీక్షకి ఆడవాళ్లెవరూ కదలడం లేదు. ఆ సంగతి నేను చూసుకుంటాను. పిల్ల గది మాత్రం పోనివ్వను.

అమ్మమ్మ

తా.క.: ఈ వయసులో నా పేరుకి కొత్తగా పోయేదేం లేదు.

*

అమ్మమ్మా, నమస్కారం. కూర్చుని చదువు.

నీ పేరున వచ్చిన పరీక్ష గొట్టాల్లో గనేరియా ఉంది. ఒక్కదాంట్లో కాదు. పల్లె రకమూ ఉంది, పాత మందుకి లొంగని పట్నం రకమూ ఉంది. ఒకే మనిషిలో ఇన్ని రకాలు ఎన్నడూ చూడలేదని మా పెద్ద డాక్టరు నీ మీద వ్యాసం రాస్తానంటున్నారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎవరాయన?

నీ మనవరాలు

తా.క.: ఆయన్ని కూడా చికిత్సకి తీసుకురావాలి. ఒక్కరే అయితే.

*

అతి తెలివి మనవరాలికి,

ఎవరాయన అని అడిగావు గానీ, ఊరంతటికీ ఒకే పేరు ఎందుకొచ్చిందని అడగాలని తోచలేదు. మీవాళ్లు ఇక్కడ పెట్టిన పరీక్షా కేంద్రంలో వరండాలో నిలబడి పేరు పెట్టి కేకేస్తారు. ఆ కేకకి ఏ ఆడది లేస్తుంది? అందుకే ప్రతిసారీ నా పేరు రాయించి నేనే లేచాను. పరీక్ష కావలసిన మనిషి నాకు తోడుగా లోపలికొచ్చింది. నర్సమ్మకి అంతా తెలుసు. ఏ గొట్టం ఎవరిదో తెలియడానికి దర్జీ పిల్ల ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టింది. తనది తెల్లదారం. రంగుల ప్రకారం మందులు పంపు.

ఎవరూ లేని అమ్మమ్మ

తా.క.: వ్యాసంలో నా వయసు తగ్గించి రాయనక్కర్లేదు.

*

అమ్మమ్మా, తప్పయిపోయింది.

దారాల ప్రకారం నర్సమ్మకి మందులు పంపాను, వాళ్ల మగవాళ్లకి కూడా. తెల్లదారంలో ఏమీ లేదు. కానీ రకం చూసి ఎవరు ఎవరికి అంటించారో చెప్పలేం. ఇక్కడ పల్లె రకం బయటపడితే పట్నంవాళ్లు నెపం మీ ఊళ్ల మీద పెడుతున్నారు. ఇకపై పేర్లు పిలవకుండా అన్ని కేంద్రాలకీ రంగు దారాలు వస్తాయి.

నీ మనవరాలు

తా.క.: వ్యాసం పోయిందని పెద్ద డాక్టరు దిగులుగా ఉన్నారు.

*

దారికొచ్చిన మనవరాలికి,

తెల్లదారం సంగతి ఆ పిల్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. జబ్బు లేదని తేలితేనే గది అంటే, ఉన్నవాళ్లని వీధిలోకి గెంటొచ్చని నేనే ఒప్పుకున్నట్టు. మిల్లు యజమానితో ఒకటే అన్నాను: "ముందు నన్ను ఊళ్లోంచి పంపించు నాయనా. రికార్డులో జబ్బులన్నీ నా పేరునే ఉన్నాయి."

నిన్న తల మీద తువ్వాలు కప్పుకుని పెరటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. గది ఆ పిల్లకే ఉంచుతాడట. మీ దారాలు వచ్చేదాకా ఆగలేడట. తన పరీక్షా నా పేరున కానిమ్మని బతిమాలాడు.

గెలిచిన అమ్మమ్మ

తా.క.: మగవాడి గొట్టం నా పేరున చెల్లదు కనక పోయిన మీ తాతయ్య పేరు రాయించాను. ఆ పేరు పిలవగానే వరండా అంతా నా వైపు తిరిగింది. ఆయన రాలేకపోయారని చెప్పి నేనే లేచాను. మిల్లు యజమాని నాకు తోడొచ్చాడు.